చెన్నక్క చేతి ధార

పూర్వం ఎర్రగట్టు కొండ దిగువన, ఇప్పుడు ధారచేను అని పిలువబడుతున్న ఈ గ్రామంలో, ఎల్లసాని అనే పరమభక్తురాలైన వృద్ధురాలు, భర్తను పోగొట్టుకొన్న తన కోడలు చెన్నక్కతో కలిసి, ఉన్న ఒక్క చేనును నమ్ముకొని జీవిస్తూ ఉండేది. పుత్రశోకంతో కుమిలిపోతున్న ఆ అత్తను, నోట్లో నాలుక లేని ఆ కోడలు పసిబిడ్డలా సాకేది.

వరుసగా వానలు లేక బావులన్నీ ఎండిపోయిన ఒకానొక గ్రీష్మంలో ఎల్లసానికి అవసానకాలం సమీపించింది. తాను పోతే కోడలు దిక్కులేనిదవుతుందని ఆమె బెంగ. ఆ సీమలో ఆస్తి ఇవ్వాలంటే సాక్షుల ఎదుట, పుచ్చుకొనేవారి అరచేతిలో నీళ్లు ధారపోయాలి. వట్టి నోటిమాట చెల్లదు. అందుచేత ఆమె గ్రామపెద్దలను పిలిపించింది. పిలవకపోయినా బావగారి కొడుకులూ వచ్చి కూర్చున్నారు. దాయాదులు కదా, చావు కబురు వారికి ముందే అందుతుంది!

చెన్నక్క కొండచరియలన్నీ వెదకి ఎలాగో చెంబుడు నీళ్లు తెచ్చింది.

"చెయ్యి పట్టమ్మా, చేను నీకిచ్చేస్తా" అన్నది ఎల్లసాని. ఆపైన మాట పెగలలేదు. నాలుక పిడచకట్టుకొనిపోయింది. అందరి చూపూ చెంబు మీదనే ఉన్నది గాని, ఆ గొంతు తడుపుదామని తోచినవాడు ఒక్కడూ లేడు.

చెన్నక్క చెయ్యి పట్టలేదు. "నువ్వు తాగత్తా. చేను యాడికి పోతాది?" అంటూ ఆ నీళ్లన్నీ ఆమెకే తాగించింది. కడపటి గుక్క దిగగానే ఎల్లసాని కన్నుమూసింది.

"ధార పడలేదు, చేను మాది" అన్నారు దాయాదులు. ఆచారం వారి పక్షాన ఉండడంచేత పెద్దలు తలలు వంచుకొన్నారు. అత్తను చేనిగట్టున పూడ్చిన పూటే, తానొక్క గుక్కయినా తాగని ఆ ఇల్లాలిని ఎర్రటి ఎండలో వెళ్లగొట్టారు. తలచుకొంటే నాకిప్పటికీ గుండె చెరువవుతుంది.

మరునాటి ఉదయం ఎల్లసానిని పూడ్చిన చోట నీరు ఉబికి, బీటలువారిన ఆ చేనిలో ఇంకిపోక, చెన్నక్క నడిచి వెళ్లిన బాట వెంబడే సన్నని ధారగా కొండవైపు పారింది. జనం దాని వెంట పరుగులు తీశారు. అది కొండ మొదట బండమీద పడివున్న చెన్నక్క అరచేతిలోకి చేరి, నిండి, అక్కడే నిలిచిపోయింది. అప్పటికే ఆమె ఒళ్లు చల్లబడింది.

"ఎల్లసాని ఇచ్చేసింది" అన్నాడు గ్రామపెద్ద ఏడుస్తూ. "పుచ్చుకునే బిడ్డనే మనం చంపుకున్నాం."

ఆ బండమీద అరచేయి వంటి గుంటలో నేటికీ నడివేసవిలో సైతం నీరు నిలిచి ఉంటుంది. ఈ చుట్టుపక్కల వీలునామా రాయించదలచినవారి బిడ్డలు ఆ నీరు తీసుకుపోయి, ముందుగా ఆ పెద్దల గొంతు తడిపిన తరువాతే ఆస్తి మాట ఎత్తుతారు. చేను మాత్రం బీడుగానే ఉంది. అందులో ఎవరూ నాగలి పెట్టరు, అది చెన్నక్కది.