భాగించరాని సైన్యం

మల్లెకొండ రాజ్యాన్ని ధీరకేతుడు ఏలుతున్న రోజుల్లో, ఆస్థాన గణకుడు సోమిదేవయ్య ఒకనాడు కొలువులో లేచాడు.

"ప్రభూ, పదివేల ఒకటిని ఏ సంఖ్యా శేషం లేకుండా భాగించలేదు. మన సైన్యం సరిగ్గా అంతే ఉంటే ఏ శత్రువూ దాన్ని చీల్చలేడు" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. సైన్యాన్ని పదివేల ఒక్కమందికి సరిచేయించి, 'అవిభాజ్య వీరుడు' అన్న బిరుదు తనకు తానే తగిలించుకున్నాడు. ఆ సంఖ్యను భాగించినవాళ్ళకు దేశబహిష్కారమని శాసనం కూడా వేశాడు.

చిక్కు కవాతు రోజున వచ్చింది. వరసకు యాభైమందిని నిలబెడితే ఒకడు మిగిలాడు. అరవైమందిని నిలబెడితే నలభై ఒక్కమంది మిగిలారు.

"వరసలు సమంగా లేవేం?" అన్నాడు రాజు.

"ఆ సంఖ్యను భాగించకూడదు కదా ప్రభూ" అన్నాడు దండనాయకుడు ఎర్రమరాజు.

"భాగించకూడదు. వరసలు మాత్రం సమంగా ఉండాలి. వచ్చే కవాతులో ఒక్కడు మిగిలినా నీ పదవి పోతుంది."

ఎర్రమరాజు వెళ్ళి, సైన్యానికి వండిపెట్టే వంటశాల పెద్ద మాచమ్మ దగ్గర కూలబడ్డాడు. "అక్కా, నా పని అయిపోయింది."

మాచమ్మ అంతా వింది. చింతగింజలు ముందేసుకుని నాలుగు రోజులు పేర్చింది, చెరిపింది. ఐదోనాడు రాజు దగ్గరికి వెళ్ళి, "కవాతుకు ముందు సైన్యానికి విందు చేస్తాను. తమరు దగ్గరుండి చూడాలి" అని కోరింది.

విందునాడు మైదానమంతా విస్తళ్ళే. రాజు మొదటి బంతి చివరిదాకా నడిచాడు.

"బంతికి డెబ్బై మూడుమంది. బంతులెన్ని?" అంటూ అవీ తానే లెక్కపెట్టాడు. "నూట ముప్పై ఏడు. ఏ బంతిలోనూ ఒక్క విస్తరి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎర్రమరాజూ, వరసలంటే ఇలా ఉండాలి."

"ఆ రెంటినీ హెచ్చవేస్తే ఎంతవుతుందో గణకులవారు సెలవివ్వాలి" అంది మాచమ్మ.

సోమిదేవయ్య తాటాకు మీద గీశాడు. నుదుటి చెమట తుడుచుకుని మళ్ళీ గీశాడు. "పదివేల... ఒకటి."

రాజు ముఖం ఎర్రబడింది. "అయితే నువ్వు భాగించావన్నమాట. శాసనం గుర్తుందా?"

"నేను విస్తళ్ళు వేయించానంతే ప్రభూ. ఎన్ని భాగాలో, భాగానికి ఎందరో లెక్కగట్టి అందరి ముందూ చెప్పింది తమరు. తమరు ఎప్పుడు బయలుదేరుతారో చెబితే దారిలోకి పులిహోర కట్టిస్తాను."

రాజు గణకుడి వైపు తిరిగాడు. "ఏ సంఖ్యా భాగించలేదన్నావు కదా? అన్నిటితోనూ చూశావా?"

"డెబ్బై దాకా చూశాను ప్రభూ" అన్నాడు సోమిదేవయ్య గొణుగుతూ. "అక్కడికి నడుము పట్టేసింది."

రాజు ఆపుకోలేక పకపకా నవ్వాడు. శాసనం అక్కడికక్కడే రద్దు చేసి, తన చేతి కంకణం తీసి మాచమ్మకిచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"డెబ్బై మూడేసి లెక్కన పరిచేసరికి మావాళ్ళ తల ప్రాణం తోకకొచ్చింది ప్రభూ. సైన్యంలోంచి ఒక్కణ్ణి నా వంటశాలకిప్పించండి. మిగతా వాళ్ళను హాయిగా వందేసిమందిని కూర్చోబెట్టుకుంటాను."