దొరసాని బూరెల పంతం

కాళ్ళు ముందు దుప్పట్లో పెట్టు. పెట్టావా? దులిపి దులిపి పరిచాను ఈ పక్క, నువ్వొచ్చి ఒక్క దొర్లు దొర్లావు, చూడు ఎలా అయిందో. మీ అమ్మ కూడా ఇంతే. సరే, ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్నడక్కు.

అనగనగా, గోదారి సముద్రంలో కలవబోయే చోట, ఒకప్పుడు ఫ్రెంచి దొరలు ఏలిన యానాం అనే ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు సరుకు పడవ మీద రేవులు తిరిగేవాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఇంట్లో ఉండేది ఆవిడా, కొడుకు గంగరాజూ, ఒక చీపురూను.

వరహాలమ్మ ఇల్లంటే అద్దమే. పెరటి వసారాలో ఎర్రటి గచ్చు ఉండేది. దాన్ని పొద్దున్నే ఊడ్చి, కడిగి, తుడిచి, ఆరాక మళ్ళీ తుడిచేది. ఈగ వాలితే కాలు జారి పడుతుందని ఇరుగమ్మలు నవ్వుకునేవాళ్ళు. గంగరాజు వీధిలోంచి వస్తే గుమ్మం దగ్గరే చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడేది. "కాళ్ళు! మడమలు! మడమలు ఎవరు కడుగుతారురా, మీ తాతా?" అనేది. ఆ మాట వినీ వినీ ఆ పిల్లాడికి మడమలు తెల్లగా పాలిపోయాయి.

అప్పుడు గంగరాజుకి పెళ్ళి చేశారు. కోడలి పేరు నీలవేణి. అదే ఊళ్ళో, రెండు వీధులు అవతల పిల్ల. చక్కని పిల్ల, నవ్వు మొహం, అత్తయ్యా అత్తయ్యా అని వెంట తిరిగేది. అంతా బాగానే ఉంది. కానీ సారెతో పాటు ఆ పిల్ల ఒక ఇనప పెట్టె తెచ్చుకుంది.

ఏం పెట్టె అంటావా? పొయ్యి పెట్టె. కింద బొగ్గులు, మీద బొగ్గులు, మధ్యలో రేకు పళ్ళెం, ముందు ఒక తలుపు. నీలవేణి వాళ్ళ మామ్మ పూర్వం ఒక దొరసాని ఇంట్లో వంట చేసేదిట. ఆవిడ పోతూ పోతూ ఆ పొయ్యీ, అందులో చేసే మిఠాయిలూ మనవరాలికి ఇచ్చి పోయింది.

అన్నిట్లోకీ నీలవేణి బాగా చేసేవి దొరసాని బూరెలు. దొరలు వాటిని షూ అనేవాళ్ళుట. మన బూరెలా నూనెలో వేగవు, పొయ్యి పెట్టెలో కూర్చుని బుసబుసా పొంగుతాయి. లోపలంతా డొల్ల. ఆ డొల్లలోకి పాలూ, గుడ్డుసొనా, పంచదారా కలిపి చిక్కగా కాచిన మీగడలాంటి ముద్ద కూరుతారు. నోట్లో వేసుకుంటే పైన కరకర, లోపల చల్లగా జారిపోతుంది. నోరూరుతోందా? ఇప్పుడు లేవు. పళ్ళు తోముకున్నావు కదా, పడుకో.

బూరెలు బాగానే ఉండేవి. వరహాలమ్మ కూడా తినేది, తిని మూతి తుడుచుకునేది. కానీ అవి చేసినప్పుడల్లా వసారా చూడాలి! గచ్చు మీద మైదా, గోడకి మైదా, పిల్లి వీపు మీద మైదా. గుడ్డు పెంకులు ఒక మూల, వెన్న మరకలు ఒక మూల. నీలవేణి ముక్కు మీద కూడా పిండే. ఆ పిండి ముక్కుతోనే వచ్చి, పిండి చేత్తోనే, మొదటి బూరె అత్తగారి నోట్లో పెట్టేది.

"ఊడుస్తానత్తయ్యా, కాస్త చల్లారనివ్వండి," అనేది. ఎప్పుడు చల్లారేను, ఎప్పుడు ఊడ్చేను! ఈలోగా చీమలు బారులు కట్టేవి. వరహాలమ్మకి ప్రాణం విసిగిపోయింది. చీమలకి పసుపు గీత గీసేది, కోడలు ఆ గీత తొక్కేసేది. తడిగుడ్డ పట్టుకుని కోడలి వెనకాలే తిరిగేది, కోడలు వెనక్కి తిరిగి ఆ గుడ్డ మీదే పిండి పోసేది.

ఆషాఢమాసం వచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడదు, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు కదా. నీలవేణి పుట్టింటికి బయల్దేరుతూ, పోయేముందు అందరికీ ఒకసారి బూరెలు చేసి పెడదామనుకుంది. అప్పుడే తుడిచిన గచ్చు మీద మైదా డబ్బా మొత్తం బోర్లా పడింది.

అంతే. వరహాలమ్మ కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసింది.

"ఇది ఇల్లా, పిండిమరా! బూరెలు చెయ్యాలంటే ఊరంతా పిండి చెయ్యాలా? నేను చేసి చూపిస్తాను. ఆషాఢం వెళ్ళేలోపు, బూరెలూ పొంగాలి, గచ్చూ మెరవాలి, రెండూ ఒక్క పూటలోనే. చేశానంటే ఈ పొయ్యి మీ పుట్టింటికి పంపించేస్తాను. పిండి కనపడిందా, నేను ఓడినట్టు. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో, నోరెత్తను!"

నీలవేణి మొహం చిన్నబోయింది. అయినా తగ్గలేదు.

"పొయ్యి మా మామ్మదత్తయ్యా. అది ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటాను," అంది. మూట తీసుకుని వెళ్ళిపోయింది.

గంగరాజు అటు చూశాడు, ఇటు చూశాడు. మధ్యలో వాడేం చేస్తాడు పాపం, మడమలు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఇల్లు అద్దమైపోయింది. వరహాలమ్మ ఊడ్చిన చోట ఊడ్చినట్టే ఉండేది. మొదట్లో ఆవిడకి పండగలా ఉంది. కొన్నాళ్ళకి, తుడిచిన గచ్చునే ఎంతసేపు తుడుస్తాం అనిపించింది. తిట్టడానికి కూడా ఎవరూ లేరు. గంగరాజు పెట్టింది తిని లేచిపోయేవాడు, మాట్లాడితే ఊఁ, లేకపోతే ఉఁహూ. ఇల్లు బావురుమంటోందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. కానీ పంతం పంతమే. పొయ్యి రాజేసింది.

మొదటిసారి ఏమైందో విను. నీళ్ళూ వెన్నా మరిగాక, మైదా అంతా ఒక్కసారే గుప్పున అందులో పొయ్యాలి, పోసి గబగబా తిప్పాలి. అలా పోస్తే పిండి లేవదూ? అందుకని వరహాలమ్మ చెంచాతో కొంచెం, చెంచాతో కొంచెం, పసిపాపకి ఉగ్గు పెట్టినట్టు వేసింది. ఒక్క రవ్వ కింద పడలేదు. కానీ గిన్నెలో పిండంతా ఉండలు ఉండలు కట్టి గులకరాళ్ళ పులుసులా తయారైంది. కోళ్ళకి వేస్తే అవి ఒకసారి పొడిచి చూసి దూరంగా పోయాయి.

గంగరాజు సాయంత్రం అత్తారి వీధి మీదుగా వచ్చి, "నీలవేణి అడగమందే అమ్మా, ఏమైనా చెప్పాలా అని," అన్నాడు.

"నాకు చెప్పేంతటిదైందా! నువ్వు కాళ్ళు కడుక్కో ముందు," అంది వరహాలమ్మ.

రెండోసారి కళ్ళు మూసుకుని పిండి గుప్పున పోసేసింది. పోసి, వెంటనే గచ్చు తుడిచేసింది. పిండి ముద్ద బాగా కుదిరింది. గుడ్లు ఒక్కొక్కటే కొట్టి కలిపింది. ఉండలు పెడదామని రేకు పళ్ళెం తీసింది. ఛీ ఛీ! నల్లగా, జిడ్డుగా ఉంది. ఎన్నేళ్ళ మసో, ఎన్నేళ్ళ వెన్నో! ఇలాంటి పళ్ళెంలో వండినవా నేనింతకాలం తిన్నది అని ఆవిడ చెంపలు వేసుకుంది. చింతపండు పెట్టి, బూడిద పెట్టి, కొబ్బరిపీచుతో భుజం పడిపోయేలా తోమింది. పళ్ళెం వెండి కంచంలా మెరిసిపోయింది. అప్పుడు దాంట్లో బూరెలు పెట్టింది.

పొంగాయి కూడాను. కానీ పళ్ళెంలోంచి ఊడి రావు! ఆ జిడ్డుంటేనే అవి ఊడి వస్తాయి. జిడ్డంతా ఆవిడ బూడిదలో కలిపేసింది కదా. ఒక్కో బూరె పళ్ళేన్ని కరుచుకుని కూర్చుంది. అట్లకాడతో గీకితే పైది పైనే వచ్చింది, కిందిది కిందే ఉండిపోయింది. గంగరాజు ఆ ముక్కలు తింటుంటే, "పోనీ, రుచైనా ఉందా?" అంది వరహాలమ్మ. వాడు బూడిద వాసన అన్నాడు. ఆవిడ పళ్ళెం లాగేసుకుంది.

మూడోసారి ఆషాఢ అమావాస్య. మర్నాడే శ్రావణం. ఇదే ఆఖరు. పిండి గుప్పున పోసింది, పళ్ళేనికి వెన్న రాసింది, తలుపు మూసింది. లోపల బూరెలు పొంగుతున్నాయి, తలుపు సందులోంచి చూస్తే గుండ్రంగా కనపడుతున్నాయి. గెలిచేశాననుకుంది. అప్పుడు తలుపు లోపలి అంచు మీద ఒక వెన్న చుక్క కారి, సన్నగా పొగ రావడం కనపడింది.

నువ్వైతే ఊరుకుంటావు. నేనైనా ఊరుకుంటాను. ఆవిడ ఊరుకుంటుందా? గుడ్డ తీసుకుని, తలుపు తెరిచి, ఆ చుక్క తుడిచేసింది. తుడిచి తల పైకెత్తేసరికి చల్లగాలి తగిలి బూరెలన్నీ ఫుస్సుమని అప్పాలైపోయాయి.

వరహాలమ్మ అక్కడే గచ్చు మీద చతికిలబడింది. కోపం వచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది. ఓడిపోతే పొయ్యి ఇక్కడే ఉంటుంది, కోడలు వస్తుంది, రావాలనే ఆవిడకీ ఉంది. కానీ వరహాలమ్మ ఇల్లు సర్దుకోవడం తప్ప ఏమీ చేతకాని మనిషి అని ఊరంతా అంటే? అది ఎలా మింగడం?

"తలుపు తీశారా అత్తయ్యా?" అని ఒక గొంతు వినపడింది.

చూస్తే తాటాకు దడికి అవతల నీలవేణి.

"నువ్వెందుకొచ్చావే? ఇంకా ఆషాఢం వెళ్ళలేదు!" అని గదమాయించింది వరహాలమ్మ.

"గడప దాటలేదు కదా, దడి బయటే ఉన్నాను. మాడు వాసన మా వీధి దాకా వస్తుంటే ఉండబట్టలేదు. ఇంకా పొద్దుంది అత్తయ్యా, మళ్ళీ కలపండి. నేను చెప్తాను."

"నువ్వు చెప్తే నేను గెలుస్తానే. గెలిస్తే పొయ్యి పోతుంది. తెలివుందా నీకు?"

నీలవేణి దడి మీదనుంచి పళ్ళెం వైపు చూసింది. "మా మామ్మ బూరెలు అలా అప్పాలైపోతుంటే నేను చూడలేనత్తయ్యా," అంది.

అప్పుడు వరహాలమ్మ లేచింది. దడి అవతలనుంచి కోడలు చెప్పడం, ఇవతల అత్తగారు చెయ్యడం. "పొయ్యండి, ఒక్కసారే! తిప్పండి, ఇంకా, ఇంకా! మీ చీర సంగతి తర్వాత చూడొచ్చు!" మైదా లేచింది. గచ్చు తెల్లబడింది. గుడ్డు పెంకు కాలికింద చిట్లింది. వరహాలమ్మ చెయ్యి గుడ్డ కోసం పోతుంటే, "వద్దు! తాకొద్దు!" అని నీలవేణి అరిచింది. బూరెలు లోపలికి వెళ్ళాయి, తలుపు మూతపడింది. వరహాలమ్మ రెండు చేతులూ చంకల్లో బిగించుకుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అలా ఊరికే కూర్చోలేదు.

పొద్దు గూట్లో పడబోతుండగా తలుపు తీసింది. ఒక్కొక్కటీ బంగారు రంగులో, గుండ్రంగా, తేలిగ్గా, నిండుగా పొంగి ఉన్నాయి. వరహాలమ్మ పళ్ళెం దడి వైపు తిప్పి చూపించింది.

"వచ్చాయత్తయ్యా!" అంది నీలవేణి. ఆ పిల్ల కళ్ళు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి. "దీపాల వేళ ఇంకా కాలేదు. ఊడ్చెయ్యండి. గచ్చు మెరిసిందంటే మీరే గెలిచినట్టు."

వరహాలమ్మ చీపురు తీసింది. పిండి ఎక్కడెక్కడ ఉందో ఆవిడ కంటికి రవ్వ రవ్వా కనపడుతోంది. నాలుగు ఊపులు ఊపితే చాలు, అంతా అయిపోతుంది. చెయ్యి దురదపెట్టింది. దడి వైపు చూసింది. నీలవేణి పమిటతో ముక్కు తుడుచుకుంటోంది.

వరహాలమ్మ చీపురు మూల పడేసింది. విసవిసా లోపలికి వెళ్ళి, చేతులైనా కడుక్కోకుండా, ఇంకా వెలుగుండగానే గూట్లో దీపం పెట్టేసింది.

మళ్ళీ వసారాలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దీపం పెట్టేశాను. దీపం పెట్టాక చీపురు పడితే లక్ష్మీదేవి వెళ్ళిపోతుంది. ఇంకేం ఊడుస్తాను? చూడు ఎలా ఉందో గచ్చు, పందులు దొర్లినట్టు! ఓడిపోయాను, ఏం చేస్తాం, ఖర్మ!" అంది. వీధి వీధంతా వినపడేలా అంది. "ఇదంతా నీ నిర్వాకమే. రేపు శ్రావణం. పొద్దున్నే వచ్చి నువ్వే ఊడువు. నేను ముట్టుకోను!"

నీలవేణి దడి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. వరహాలమ్మ ఒక బూరె తీసి, పిండి చేత్తోనే, దడి మీదనుంచి కోడలి నోట్లో పెట్టింది.

ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టిందా అంటావా? ఎలా పడుతుంది, వసారా నిండా పిండి పెట్టుకుని! తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. తెల్లారి తలుపు తీసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వీధి మలుపు తిరిగి నీలవేణి రావడం కనపడగానే, "కాళ్ళు! మడమలు!" అని అరిచింది.

ఇంక కళ్ళు మూసుకో.

బూరె పొట్టకి, బొగ్గు పొయ్యికి,
పిండి గచ్చుకి, చీపురు మూలకి,
కోడలు గడపకి, కథ కంచికి,
అల్లరి పక్కకి, మనం నిద్దరకి.