చప్పుడు దొర మాట వినని నూగి

ఒకప్పుడు పిల్లికూనల చెవులు తెరుచుకునేదాకా లోపలినుంచి మెదడుకు ఒక్క పిలుపు కూడా వెళ్లేది కాదు. నత్తగుల్లలా చుట్టుకున్న గదిలో వినికిడి కణాలు వరసగా కూర్చుని ఎదురుచూసేవి.

ఎందుకంటే చప్పుడు దొర బయటినుంచి హుకుం వేశాడు. "నేను వచ్చి తట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు."

ఆ వరసలో నూగి అనే కణం ఉండేది. తలమీద నూగులాంటి వెంట్రుకలుండేవి గనక ఆ పేరు. దాన్ని ఆనుకుని ఆసరమ్మత్త ఉండేది. ఆమె వినే కణం కాదు, వినే కణాలు ఒరిగిపోకుండా పట్టుకునే కణం.

"అత్తా, మనం ఊరికే ఉంటే ఏమవుతుంది?" అని ఒకరోజు నూగి అడిగింది.

అత్త గొంతు తగ్గించి చెప్పింది.

"మనం కడుపులో ఉన్నప్పుడు తల్లి నెత్తురు నాకో మాట చెప్పింది. ఈ కూనకు ఒక అక్క ఉండేదట. దాని చెవులు తెరుచుకోగానే దొర ఒక్కసారిగా లోపలికి దూకాడు. ఏ కబురు ఎక్కణ్ణుంచి వస్తోందో మెదడుకు తెలియలేదు. తల్లి ఇటు పిలుస్తుంటే, అది కుక్క మొరిగే వైపు నడిచిపోయింది. మళ్లీ రాలేదు."

నూగి నిటారుగా లేచింది. "అయితే నేను ఊరుకోను."

"దొరకు కోపం వస్తుందే."

"రానీ. ఈ చెవి దొరది కాదు, కూనది."

అత్త తన ఒంట్లోని సత్తువ గుప్పెడు తీసి నూగిమీద చల్లింది. నూగి ఒంటిమీది చిన్నచిన్న తలుపులు తెరుచుకున్నాయి. బయట తచ్చాడుతున్న కాల్షియం రేణువులు, మన పాలల్లోనూ ఎముకల్లోనూ ఉండే కాల్షియమే, బిలబిలా లోపలికొచ్చాయి. నూగి అదిరిపడి, నరం వెంట మెదడుకు కేక పంపింది.

"ఎవరది? దొర వచ్చాడా?" అంది మెదడు.

"రాలేదు. నేనే పిలిచాను. నూగిని. సన్నని గొంతులు వినే చోటు నాది. గుర్తుపెట్టుకో."

దొరకు తెలిసిపోయింది. బయటినుంచి దబదబా బాదాడు. "నేను రాకుండా మాట్లాడేది ఎవరే?"

నూగికి భయమేసింది. అయినా మళ్లీ తలుపులు తెరిచింది, మళ్లీ పిలిచింది. అలసిపోతే అత్త ఇంకాస్త సత్తువ చల్లేది. చూసి చూసి పక్కనున్న కణాలూ పిలవడం మొదలుపెట్టాయి. "లావు గొంతుల చోటు మాది" అంది అవతలి కొసనున్న కణం. మెదడు ఒక్కొక్కరినీ గుర్తుపట్టసాగింది.

చివరికి చెవులు తెరుచుకున్నాయి. దొర రంకెలేస్తూ లోపలికొచ్చాడు. కుక్క మొరిగింది, తలుపు కొట్టుకుంది, వాటి మధ్యనుంచి తల్లి సన్నగా పిలిచింది.

"అది నూగి చోటునుంచి వచ్చింది, కుక్క లావు గొంతు కాదు" అంది మెదడు. కూన తల తిప్పి, తడబడుతూ తల్లి పొట్టకిందికి దూరింది.

దొర నిర్ఘాంతపోయాడు. "ఇదంతా మీరెప్పుడు నేర్చుకున్నారు?"

"నువ్వు వద్దన్నప్పుడు" అంది నూగి.

అప్పటినుంచే, చెవులింకా తెరుచుకోని కూనల్లో, ఏ చప్పుడూ చేరని ఆ గదిలో, వినికిడి కణాలు కాల్షియాన్ని లోపలికి పిలుచుకుని తమంతట తామే మెదడును కేకేస్తున్నాయి. అందుకు ఎవరి అనుమతీ అడగడం లేదు.