రేపొచ్చే నాన్న

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు జరగండి, ఆవలించేవాళ్ళు వెనక్కి వెళ్ళండి. ఇది తుమ్మకొండ కింద జరిగిన సంగతి.

ఆ కొండ కింద రాళ్ళ సందులో ఒక బొరియ. అందులో ఒక ముళ్ళపంది కాపురం. మొగుడు గరుకయ్య, పెళ్ళాం కందమ్మ, కూతురు దూది. పుట్టినప్పుడు పిల్ల ముళ్ళు దూదిలా మెత్తగా ఉంటే ఆ పేరే పెట్టుకున్నారు. ముళ్ళపంది పిల్లలన్నీ అంతే లెండి. ఆ ముళ్ళు గట్టిపడేదాకా అమ్మానాన్నలే కాపలా.

ఆ కాపలా ఒకసారి తప్పింది. దూదికి ముందు, ఒక వేసవిలో వీళ్ళ తొలిచూలు బిడ్డను గుంటనక్క ఎత్తుకుపోయింది. గరుకయ్య అప్పుడు అక్కడే ఉన్నాడు. కాళ్ళు వణికి కదల్లేకపోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు గానీ, వాడికి మాత్రం రోజూ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఒంటినిండా ముళ్ళున్నవాడికి లోపల ఇంకో ముల్లు, ఖర్మ చూడండి!

అందుకే దూది పుట్టిన పదోనాడే వాగు దాటి, ఎలుగుబంటి తాత గరిడీకి వెళ్ళి కాళ్ళమీద పడ్డాడు.

"తాతా, నాకు కర్రసాము నేర్పు."

"ఒంటిమీద అన్ని సూదులు పెట్టుకుని నీకు కర్రెందుకురా?"

"నా భయం పోవాలి తాతా. నా పేరు వింటే నక్క కొండ దిగి పారిపోవాలి."

తాత సరేనన్నాడు. మొత్తం పద్దెనిమిది దెబ్బలు. అన్నీ వచ్చినవాడి నడుముకు తాత ఎర్ర దట్టీ కడతాడు. దట్టీ కట్టినవాడి గడప తొక్కే మొనగాడు ఆ కొండమీద లేడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మనవాడు కోడి కూయకముందే పోయి, పిల్ల నిద్రపోయాక వచ్చేవాడు. తర్వాత రోజు విడిచి రోజయింది. తర్వాత వారానికోసారి. ఏడో దెబ్బ నేర్చేసరికి పడక కూడా గరిడీలోనే. కందమ్మ వాగు ఒడ్డుకు గడ్డలు తెచ్చిస్తే అక్కడే రెండు మాటలు, అంతే సంసారం.

"ఏమయ్యా, పిల్ల నిన్నే అడుగుతోంది. ఎప్పుడొస్తావు?"

"రేపొస్తానని చెప్పు కందా. ఈ ఒక్క దెబ్బ పట్టుబడనీ."

"నిన్నా అదే చెప్పావు."

"నేను పడే ఈ పాట్లు ఎవరికోసమే? దానికోసమే కదా!"

నిజమే, దానికోసమే. ఆ సంగతి కందమ్మకూ తెలుసు. అందుకే ఆమెకు కోపం కూడా పూర్తిగా రాదు పాపం. వచ్చినా బాగుండేది, నాలుగు తిట్టి, ఏడ్చి ఊరుకునేది.

కందమ్మ ఇంటికొస్తే గుమ్మంలోనే దూది పట్టుకునేది.

"అమ్మా, నాన్న ఎలా ఉంటాడు?"

"ఒంటినిండా గరిడీ ఎర్రమట్టి పూసుకుంటాడమ్మా. నువ్వుల నూనె వాసనేస్తాడు. నడుస్తుంటే ముళ్ళు గలగలమంటాయి."

"ఎప్పుడొస్తాడు?"

"రేపొస్తాడు."

పిల్ల పడుకునే ముందు వాగువైపు చెవి పెట్టేది. అటునుంచి కర్రల చప్పుడు వినబడేది. "అదిగో నాన్న" అనుకుంటూ ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేది.

ఈ మాటలన్నీ పక్కపొదలో కూర్చుని గుంటనక్క విననే విన్నది. బొరియ మూతి ఇరుకు, దాని తల పట్టదు. పిల్లే బయటికి రావాలి. "రేపొచ్చేవాణ్ణి ఇవాళే పంపిస్తే సరి!" అనుకుంది ముదనష్టపుది. ఎర్రమట్టిలో పొర్లింది. గరిడీ వెనక ఒలికిన నూనె ఒంటికి రాసుకుంది, అక్కడే గరుకయ్య గొంతు కూడా పట్టేసింది. ఎండిన దిరిసెన కాయలు ఏరి, తీగతో తోకకు గట్టిగా ముడేసుకుంది. అడుగు వేస్తే గలగల.

ఆ పొద్దునే గరిడీలో తాత గరుకయ్యను పిలిచాడు.

"పదిహేడూ వచ్చాయిరా నీకు. ముందే అనుకున్నట్టు రేపు పొద్దెక్కేసరికి పద్దెనిమిదోది చెబుతా. అది ఒక్కసారే చెబుతాను, మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. ఈలోగా ఇంటికెళ్ళి పిల్లను చూసి రా."

"రేపు దట్టీ కట్టుకునే వెళ్తాలే తాతా."

తాత చేతిలో కర్ర కింద పెట్టాడు. "నేనూ దట్టీ కట్టుకునే వెళ్ళానురా. గుహలో గబ్బిలాలు వేలాడుతున్నాయి. నావాళ్ళు ఎటు వెళ్ళారో చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు."

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు ఆపావు తాతా?"

"ఆపానా? ఈ గరిడీకి తలుపు ఎక్కడుందో చూపించు."

గరుకయ్య కర్ర భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిలో రేగుపళ్ళు కనిపిస్తే నాలుగు కోసుకున్నాడు. పిల్ల తింటుందో తినదో వాడికి తెలియదు.

మిట్టమధ్యాహ్నం. కందమ్మ గడ్డలు తవ్వుకోవడానికి వెళ్ళింది. గరుకయ్య ఇంటిముందు బండరాయి దాకా వచ్చేసరికి, బొరియ ముందు నక్క! వాడు కర్ర ఎత్తాడు. అంతలో నక్క గొంతు వినబడింది, అచ్చం తన గొంతే! ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోయింది.

"దూదమ్మా! నాన్నను వచ్చానే. బయటికి రా తల్లీ."

లోపల్నుంచి వాసన పీల్చిన చప్పుడు వచ్చింది.

"ఎర్రమట్టి వాసన వస్తోందా?"

"వస్తోంది."

"నూనె వాసన?"

"అదీ వస్తోంది."

"ముళ్ళు గలగలమంటున్నాయా?"

"అంటున్నాయి."

"మరి రావేమే?"

"నువ్వు మా నాన్నవు కాదు."

నక్క తెల్లబోయింది. "ఎందుకు కాను?"

"మా నాన్న రేపొస్తాడు. నువ్వు ఇవాళొచ్చావు."

"పిచ్చిపిల్లా, ఒకరోజు ముందే వచ్చేశాను!"

"మా నాన్న ఎప్పుడూ ఇవాళ రాడు. నాకు తెలుసు."

బండ వెనక గరుకయ్య చేతిలోంచి కర్ర జారి ఠపీమని పడింది. నక్క వెనక్కి తిరిగింది. నేర్చిన పదిహేడు దెబ్బల్లో ఒక్కటీ వాడికి గుర్తురాలేదు. కానీ కాళ్ళు మాత్రం వణకలేదు. గిర్రున వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి వెనక్కి పరిగెత్తి నక్క మొహంమీద పడ్డాడు. ఆ దెబ్బ ఏ తాతా నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చింది.

నక్క ముక్కునిండా ముళ్ళతో కుయ్యోమొర్రోమంటూ పారిపోయింది. తోకకు వేసుకున్న ముడి మరీ గట్టిదేమో, ఊడి రాలేదు. అది ఎక్కడికెళ్ళినా ముందు గలగల వినబడేది. ఆ ఏడాదంతా దానికి ఎలుకపిల్ల కూడా దొరకలేదట. మంచి పని అయింది!

గరుకయ్య బొరియ ముందు కూలబడ్డాడు.

"అమ్మా దూదీ, నేనే. నాన్నను."

"ఇందాకటివాడూ అదే అన్నాడు."

"నేను నిజంగా నాన్ననమ్మా."

"నువ్వూ ఇవాళే వచ్చావు కదా."

వాడు అక్కడే ఆ రేగుపళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దువాలాక కందమ్మ వచ్చింది. ఎర్రమట్టి మొహంమీద కన్నీళ్ళ చారలు చూసి ఆమె ఏమైందని అడిగితే, వాడు నక్క సంగతీ పిల్ల అన్న మాటా చెప్పాడు.

"లోపలికి వెళ్ళి నువ్వే నాన్నవని చెప్పనా?"

"వద్దు కందా. నేను తప్పిన మాట నేనే నిలబెట్టుకోవాలి. రేపటిదాకా ఇక్కడే ఉంటా."

"రేపు నీ పద్దెనిమిదో దెబ్బ కదయ్యా!"

"నీకెవరు చెప్పారు?"

"వాగు ఒడ్డున నువ్వు చెప్పేవి అవే కదా. నీకు పిల్ల కబుర్లు నేను, నాకు దెబ్బల కబుర్లు నువ్వు."

వాడు కదల్లేదు.

తెల్లారి పొద్దెక్కింది. వాగు అవతల కర్ర మోగింది. తాత మూడుసార్లు పిలిచాడు. గరుకయ్య ముందుకాళ్ళు వాటంతట అవే పైకి లేచాయి. వాడు వాటిని మెల్లగా నేలకు ఆనించాడు. నాలుగో పిలుపు రాలేదు.

బొరియలోంచి చిన్న ముక్కు బయటికొచ్చింది.

"రేపయిందా?"

"అయిందమ్మా."

"నువ్వు ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను."

పిల్ల ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, తన మెత్తటి ఒంటిని వాడి గరుకు ఒంటికి ఆనించింది. "ఆ రేగుపళ్ళు ఎవరికి?"

"నీకే."

"నాకు పులుపు పడదు" అంటూనే నాలుగూ తినేసింది.

గరుకయ్య నడుముకు ఇప్పటికీ దట్టీ లేదు. వాగు అవతల కర్ర మోగితే వాడి ముందుకాళ్ళు మట్టిలో ఆడుతూనే ఉంటాయి. దూది చూస్తుంది, పక్కకొచ్చి కూర్చుంటుంది.

రేపు దట్టీ కట్టుకొచ్చే వీరుడికన్నా, ఇవాళ గడపలో కూర్చున్న పిరికివాడే ఇంటికి పెద్ద కాపలా.