బతికున్నవాళ్ళకి శోకం పెట్టిన గొబ్నెట్

అప్పటికి నేను లేను, మీరు లేరు, మన తాతల తాతలూ లేరు. చూసినవాళ్ళు చెప్పింది విన్నవాళ్ళు చెబితే, నేను మీకు చెబుతున్నాను.

పడమటి సముద్రంలో ఐర్లండ్ అనే పచ్చటి దీవి. ఆ దీవిలో కొండల నడుమ ఒక లోయ. ఆ లోయలో గొబ్నెట్ అనే పేద విధవరాలు ఉండేది. ఆమెకి నేల లేదు, ఆవు లేదు, ఇంటికి సరైన కప్పు లేదు. ఉన్నది ఒక కొడుకు, ఒక గొంతు.

ఆ గొంతుతో ఆమె శోకాలు పెట్టేది. ఎవరింట చావు జరిగినా ఆమెకే కబురు. వచ్చి శవం తల దగ్గర కూచుని, పేరు పెట్టి పిలిచి ఏడ్చేది. "ఓహోన్, ఓ ఓహోన్! ఎక్కడికి పోతున్నావు, నాయనా?" అనేది. ఓహోన్ అంటే వాళ్ళ భాషలో అయ్యో అని. ఆ ఏడుపు వింటే ఎంత మొండి మగవాడికైనా కళ్ళు తడిసేవి.

లోయలోని పాదిరి ఫాదర్ కోర్మక్‌కి అది గిట్టలేదు. "ఇది క్రీస్తు మాట వినకముందటి అలవాటు. పోయినవాళ్ళకి కావలసింది ప్రార్థన, ఈ గోల కాదు. ఇకమీద సమాధుల దగ్గర శోకం వినబడకూడదు" అని చర్చిలో అందరిముందూ చెప్పాడు. గొబ్నెట్ తల వంచింది. ఆనాటినుంచి ఆ లోయలో శవాలు చప్పుడు లేకుండా మట్టిలోకి పోయేవి.

అవి చెడ్డ రోజులు. జనం మొక్కేది తమ చర్చిలో. పంటలో పదోవంతు కట్టేది ఇంగ్లీషు దొరల చర్చికి. వాన ముంచినా పదోవంతే, దుంపలు కుళ్ళినా పదోవంతే, పిల్లలు పస్తులున్నా పదోవంతే. దాన్ని వసూలు చేసేవాడు ప్రాసర్ అనే ఇంగ్లీషువాడు. అతను ఒక ఇంట ఆవుని తోలుకుపోయాడు. ఒక ఇంట పొయ్యిమీది కుండ పట్టుకుపోయాడు. ఒక ఇంట మంచాన పడ్డ ముసలాయన కింది పరుపు లాక్కుపోయాడు. ఆ ముసలాయన మర్నాడే పోయాడు.

దాంతో లోయలోని మగవాళ్ళు కొందరు చేతులు కలిపి, ప్రాసర్ పని పడతామని ప్రమాణం చేశారు. ఒంటికి తెల్ల చొక్కాలు తొడుక్కున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా ముఖాలకి మసి పూసుకున్నారు.

ఒకనాడు తెల్లవారుతుండగా గొబ్నెట్ లేచి చూస్తే కొడుకు పక్క ఖాళీ. వంటకుండ అడుగున మసి గీకేసి ఉంది. ఆమెకి అర్థమైపోయింది. చెప్పుల్లేని కాళ్ళతోనే మంచులో పరుగెత్తింది.

ప్రాసర్ ఇంటి చుట్టూ కాగడాలు. తలుపుకి బయటినుంచి దుంగ అడ్డం పెట్టారు. లోపల ప్రాసర్, అతని భార్య, పసిపిల్లలు. పిల్లల ఏడుపు బయటికి వినిపిస్తోంది.

గొబ్నెట్ వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో, ముసలమ్మా! నీకూ అంటుకుంటుంది" అని ఒకడు గొంతు మార్చి అరిచాడు.

ఆమె తప్పుకోలేదు. తిట్టలేదు. బతిమాలలేదు. జుట్టు విరబోసుకుని నేలమీద కూలబడి శోకం ఎత్తుకుంది.

"ఓహోన్, ఓ ఓహోన్! ఫింగిన్, నాయనా! నిన్ను ఉరికొయ్య మీంచి దించి తెచ్చారా? నీ పెళ్ళాం కడుపులో బిడ్డ ఎవర్ని నాన్నా అని పిలుస్తుంది?"

ఫింగిన్ చేతిలో కాగడా జారిపోయింది. మసి పూసుకున్నా ఆమె అతన్ని పోల్చుకుంది. బతికుండగానే తన చావు ఏడుపు తను విన్నాడు.

"ఓహోన్, ఓ ఓహోన్! కియాన్, నాయనా! పెళ్ళిళ్ళలో పాడిన గొంతే! ఆ గొంతుకేనా తాడు బిగించారు?"

కియాన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

ఆమె మూడోవాడి వైపు తిరిగింది. ఆ మూడోవాడు ఆమె కన్నకొడుకు.

"ఓహోన్, లోర్కన్! ఊరందరికీ ఏడ్చాను. నీకెలా ఏడవాలో తెలియడం లేదు, బిడ్డా!"

"ఆపమ్మా!" అంటూ లోర్కన్ కాగడాని తడిగడ్డిలో తొక్కేశాడు. "నేను బతికే ఉన్నాను. ఆపమ్మా!" తన చేత్తోనే తలుపుకున్న దుంగ లాగేశాడు.

దూరాన్నుంచి వెలుగు చూసిన సిపాయిలు ఎండ వచ్చేసరికి గుర్రాలమీద వచ్చి దిగారు. ఆరిన కాగడాల పొగ తప్ప అక్కడ తెల్ల చొక్కాలవాళ్ళ జాడ లేదు. "ఎవరొచ్చారు?" అని గద్దించారు. ప్రాసర్ నోరు తెరవబోయాడు. అతని భార్య చంకలో బిడ్డతో ముందుకొచ్చింది.

"ఎవరూ రాలేదు. ఒక తల్లి వచ్చి ఏడ్చింది, అంతే" అంది.

పదోవంతు పీడ ఆ రోజుతో పోలేదు. ఇంకా చాలా ఏళ్ళు ఉంది. కానీ ఆ లోయలో ఏ ఇల్లూ కాలలేదు, ఎవరి మెడకీ తాడు పడలేదు.

కొన్నాళ్ళకి ఒక వానరోజున గొబ్నెట్ పోయింది. ఫాదర్ కోర్మక్ ప్రార్థన ముగించి, గుప్పెడు మట్టి తీసుకున్నాడు. వేయలేకపోయాడు. వాన చప్పుడులో, "ఓహోన్" అని ఒక గొంతు లేచింది. అది ఆయన గొంతే. తర్వాత లోర్కన్, తర్వాత ఫింగిన్. సమాధుల గోడ అవతల నిలబడ్డ ప్రాసర్ భార్య కూడా, తనకి రాని ఆ భాషలోనే, "ఓహోన్" అంది. మగవాళ్ళు శోకం పెట్టడం ఆ దీవిలో అంతకుముందు ఎవరూ ఎరగరు. కాసేపు వాన కూడా ఆగిందంటారు. నేనైతే నమ్ముతాను.

ఇప్పటికీ ఆ లోయలో ఇద్దరు మగవాళ్ళు కలబడబోతే, దగ్గరున్న ఆడమనిషి ఎవరో ఒకరు వాళ్ళని పేరు పెట్టి పిలిచి, మెల్లగా "ఓహోన్" అంటుంది. ఆ మాట విన్నాక కూడా ఎత్తిన చెయ్యి దించనివాడు ఇంతవరకు అక్కడ పుట్టలేదట.