పల్లకీ పందెం

చిలుకదుర్గం రాజు అనంగపాలుడికి ఆలోచనలు భోజనం చేసి తాంబూలం వేసుకునేటప్పుడే వస్తాయి. వాటి ఫలితం మాత్రం మిగతావాళ్ళు అనుభవిస్తారు.

ఆ రోజు కూడా అలాగే ఒకటి వచ్చింది.

"దసరానాడు మా అబ్బాయిలిద్దరికీ పందెం పెడతాం. గెలిచినవాడు యువరాజు. ఓడినవాడు ఆ రోజే సరిహద్దు కోటకి వెళ్ళిపోవాలి. మేం పిలిచేదాకా ఈ గడప తొక్కకూడదు," అన్నాడు నిండు సభలో.

సభంతా తలూపింది. తలూపడానికే జీతాలు తీసుకునేవాళ్ళు మరి.

పక్కన నిలబడి తమలపాకులకి సున్నం రాస్తున్న చెన్నసాని చెయ్యి మాత్రం ఆగిపోయింది. ఆమె రాజుగారి తాంబూలం పెట్టె మోసే మనిషి. రాణిగారు పోయాక సోమదేవుణ్ణీ, భీమదేవుణ్ణీ చంకనేసుకుని పెంచింది ఆమే. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు అన్నం ముట్టేవాడు కాదు. అదంతా ఉత్తుంగభట్టుగారు రాకముందు మాట.

ఉత్తుంగభట్టు పరదేశం నుంచి దిగిన గురువు. ఎంతమంది రాజుల పిల్లలకి చదువు చెప్పాడో, ఎవరూ అడక్కపోయినా ఆయనే చెప్పేవాడు.

"మా దేశంలో పిల్లలు పాలు కూడా పోటీ మీదే తాగుతారు మహారాజా. మీ పిల్లలు మెత్తగా ఉన్నారు," అన్నాడు వచ్చిన రోజునే.

పరాయి దేశంవాడు అన్నాక అది నిజం కాకుండా ఎలా ఉంటుంది? అంతే, మర్నాటి నుంచి లేస్తే పందెం. పద్యం అప్పజెబితే పందెం, బాణం వేస్తే పందెం, ఆఖరికి స్నానం చేసొచ్చినా పందెమే. ఓడినవాడు గెలిచినవాడి చెప్పులు మొయ్యాలి.

చదువు బాగానే వంటబట్టింది. సోమదేవుడు తమ్ముడి వింటినారి సగం కోసిపెట్టడం నేర్చుకున్నాడు. భీమదేవుడు అన్న దిగే మెట్ల మీద నువ్వులనూనె పొయ్యడం నేర్చుకున్నాడు. సామంతుల పిల్లలు చెరో జట్టు కట్టి, ఎవరి చెవిలో ఏది నూరిపొయ్యాలో అది శ్రద్ధగా నూరిపోసేవాళ్ళు. ఏడాదిగా ఇద్దరి బాణాలూ గురికి దూరంగానే పడుతున్నాయి. అయితేనేం, ఎదుటివాడిది ఇంకాస్త దూరంగా పడితే చాలు. అదే విజయం.

"ఏం చెన్నసానీ, ఆకు ఇవ్వవా?" అన్నాడు రాజు.

"ఇస్తాను మహాప్రభూ. పందెం పెట్టకుండా ఇవ్వొచ్చో లేదో అని చూస్తున్నా."

రాజు మొహం ముడుచుకున్నాడు. ఉత్తుంగభట్టు నవ్వాడు.

"ఆకులు చుట్టే మనిషివి, విద్య సంగతి నీకేం తెలుసు అమ్మీ?"

"ఏమీ తెలీదు స్వామీ. అందుకే అడుగుతున్నా. పోటీ పెడితే ఏ పనైనా బాగుపడుతుందా?"

"ఏ పనైనా."

"ఎవరికైనా?"

"రాజకుమారుడి దగ్గర్నుంచి పల్లకీ మోసే బోయీ దాకా."

"అయితే రేపు నన్నూ ఒక పందెం పెట్టనివ్వండి. అచ్చం తమ పద్ధతిలోనే."

"పెట్టుకో," అన్నాడు రాజు విసుగ్గా. "అందులో తప్పేముందో చూపించు. చూపించలేకపోతే ఆ పెట్టె దించేసి మీ ఊరు వెళ్ళిపో."

"పెట్టుకో అమ్మీ. పందేలు ఎన్ని పెడితే అంత మంచిది," అని గురువుగారు దీవించాడు కూడా.

చెన్నసాని తిన్నగా బోయీల దగ్గరికి వెళ్ళింది. గురువుగారు నేల మీద కాలు పెట్టేవాడు కాదు. కోటకి రావాలంటే పల్లకీ ఉండాల్సిందే. ముందు ముసలప్ప, అతని తమ్ముడు. వెనక గంగులు, అతని బావమరిది.

"రేపు కోట వాకిలి ఏ జత ముందు దాటితే ఆ జతకి కొత్త పంచెలు. రెండో జత వాళ్ళ చెప్పులు మొయ్యాలి. గురువుగారి పద్ధతి," అంది.

"అదేం పందెం తల్లీ, ముందున్నోళ్ళేగా ముందు దాటేది," అన్నాడు గంగులు.

"ఏమో నాయనా. వెనకున్నవాడు ముందుకెళ్ళే దారులు గురువుగారి చదువులో చాలా ఉన్నాయట. మన రాజకుమారుల్ని చూడటంలా?"

గంగులు బుర్ర గోక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే చెన్నసాని పందెం చూడ్డానికి రాజు కొడుకులతో, కొలువుతో వాకిలి మీది మేడలో కూర్చున్నాడు. వీధి చివర పల్లకీ కనిపించింది. రోజూ ఒకడు "ఓహోం" అంటే మిగతావాళ్ళు అందుకుని అడుగు కలిపేవాళ్ళు. ఇవాళ చప్పుడు లేదు. ముసలప్ప జత పరుగులాంటి నడక నడుస్తోంది.

వాకిలి ఇంకాస్త దూరంలో ఉందనగా గంగులు జత పల్లకీని గిర్రున తిప్పింది. వెనకవాళ్ళు ముందైపోయారు. ముసలప్ప మాత్రం తక్కువ తిన్నాడా, వాడూ తిప్పాడు. వీళ్ళు తిప్పడం, వాళ్ళు తిప్పడం. పల్లకీ తిరగలిలా అక్కడే తిరుగుతోంది తప్ప వాకిలి వైపు జానెడు కదలడం లేదు. కూరగాయల గంపలు దించి మరీ చూస్తున్నారు జనం.

తెరల్లోంచి ముందు విసనకర్ర జారిపడింది. తర్వాత తలగడ. ఆ తర్వాత గురువుగారి తల బయటికొచ్చింది.

"ఒరే, ఆగండ్రా."

"ఆగితే ఓడిపోతాం స్వామీ," అన్నాడు ముసలప్ప.

"అడుగు కలపండ్రా."

"ఆళ్ళతోనా? ఆళ్ళు మాకు పోటీ."

"పోటీ ఏంట్రా నీ మొహం, మోసేది ఒకటే పల్లకీ కదరా. తలోవైపు లాక్కుంటే లోపలున్నవాడి గతేంటి? ఒక తల్లి బిడ్డల్లా కలిసి నడవద్దూ?" అని అరిచాడు ఉత్తుంగభట్టు, మేడ మీదికి స్పష్టంగా వినబడేట్టు.

చెన్నసాని రాజుకి తాంబూలం అందించి, నెమ్మదిగా అంది:

"మహాప్రభూ, ఆ పల్లకీ మన రాజ్యమనుకోండి, బోయీలు తమ బిడ్డలనుకోండి. రేపు ముసలితనంలో లోపల కూర్చునేది తమరే."

రాజు తానే తిరుగుతున్నట్టు మేడ పిట్టగోడ గట్టిగా పట్టుకున్నాడు.

ముందుగా భీమదేవుడికి నవ్వాగలేదు. సోమదేవుడు కడుపు పట్టుకుని తమ్ముడి భుజం మీద వాలిపోయాడు. వాలాక గుర్తొచ్చింది, వాడు తన పోటీదారని. అయినా చెయ్యి తియ్యలేదు. భీమదేవుడూ పక్కకి జరగలేదు.

అది చూసి రాజు కూడా పగలబడి నవ్వాడు. మెడలో ముత్యాల హారం తీసి చెన్నసాని చేతిలో పెట్టాడు.

"దసరా పందెం లేదు. ఇద్దరూ ఇక్కడే ఉంటారు, నీ కళ్ళముందే. బోయీలూ, రెండు జతలకీ పంచెలిస్తాం. గురువుగారిని పొలిమేర దాటించి రండి."

గంగులు చేతులు కట్టుకుని పైకి చూశాడు.

"చిత్తం మహాప్రభూ. మామూలుగా దాటించమంటారా, గురువుగారి పద్ధతిలోనా?"