ఈరవ్వ గొంగడి

దగ్గరికి జరగండర్రా, వెనకవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి.

పూర్వం మంచుకొండల నడుమ ఒక రాజ్యంలో మార్తాండశాస్త్రి అనే ఆస్థాన జ్యోతిష్కుడు ఉండేవాడు. చలికాలం వస్తే చాలు, "నాలుగు రోజుల్లో మంచు తుఫాను!" అని చాటింపు వేయించి, దాన్ని ఆపే హోమానికి దక్షిణగా ఇంటికొక గొంగడి పట్టుకుపోయేవాడు. తుఫాను రాకపోతే తన మహిమ అనేవాడు. వస్తే జనానికి భక్తి చాలలేదనేవాడు.

గొర్రెలు కాచుకునే ఈరవ్వకు ఉన్నది ఒకటే గొంగడి. రాత్రిళ్ళు దానికిందే ఆమె మనవళ్ళిద్దరూ ముడుచుకుని పడుకుంటారు. అది పోతే పసివాళ్ళు చలికి బిగుసుకుపోతారని ఆమెకు దిగులు పట్టుకుంది. అయినా ఆ ఏడు చాటింపు పడగానే గొంగడి చంకన పెట్టుకుని, ఊరంతా గొంగళ్ళు తెచ్చి వేస్తున్న రాజుగారి కొలువుకు వెళ్ళింది.

"ఏమే ముసలీ, ఆ కుప్పలో వెయ్యి," అన్నాడు శాస్త్రి, తాను మూడు గొంగళ్ళు కప్పుకుని.

"వేస్తాను సామీ. తుఫాను ఖాయంగా ఆగుతుందా?"

"నా హోమం మీదే అనుమానమా? చలిగాలి కూడా సోకదు పో!"

ఈరవ్వ రాజుకు దండం పెట్టింది. "దొరా, తుఫాను ఆగితే సామికి గొంగళ్ళతో పనిలేదు. ఆగకపోతే అవి లేనిదే మాకు గడవదు. ఎటు చూసినా ఇవి మా ఇళ్ళలో ఉండాల్సినవే కదా?"

రాజు నవ్వాపుకుంటూ, "నిజమే! శాస్త్రిగారూ, గొంగళ్ళన్నీ ఎవరివి వాళ్ళకిచ్చేయండి. మీ ఒంటిమీదివి కూడా," అన్నాడు.

శాస్త్రి వాటిని రెండు చేతులా పట్టుకున్నాడు. "మహారాజా! ఒకవేళ తుఫాను ఆగకపోతేనో?"

కొలువంతా గొల్లున నవ్వింది.

ఆ తుఫాను వచ్చిందా అంటారా? వచ్చింది. ఊరంతా వెచ్చగా నిద్రపోయింది. ఇక లేవండి, మీ అమ్మలు పిలుస్తున్నారు. ఇళ్ళకు పోయి వేడివేడిగా అన్నం తినండి.